కారులో దీపం వెలిగితే పెట్రోలు ఖర్చవుతుందా?

"ఆ సెల్‌ఫోను ఛార్జింగు తీసెయ్, పెట్రోలు తాగుతుంది" అని ఒకరు. "కారు నడుస్తుంటే కరెంటు ఊరికే వస్తుంది, వాడుకుంటే తప్పేముంది?" అని ఇంకొకరు. కుటుంబమంతా కలిసి కారులో బయల్దేరితే ఈ వాదన రాని ఇల్లు ఉండదేమో! మా ఇంట్లోనూ ఇదే తంతు. మావారు మొదటి పక్షం, పిల్లలు రెండో పక్షం. నేను మాత్రం "ఏదో ఒకటి పోనివ్వండి" అంటూ పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని.

అలా కూర్చున్నంత కాలం బాగానే ఉంది. కానీ 2023 కార్తీకమాసంలో ఒక రాత్రి మా కారు నడిరోడ్డు మీద చీకట్లో ఆగిపోయింది. అప్పటినుంచీ ఈ కరెంటు సంగతేమిటో తెలుసుకుని తీరాలనిపించింది. తెలుసుకున్నాక తోటి గృహిణులకు చెప్పకుండా ఉండలేక ఇది రాస్తున్నాను. నాకు డ్రైవింగు రాదు, చదివింది ఇంటర్మీడియెట్టు వరకే. కాబట్టి నాకు అర్థమైనదంటే మీకూ తప్పకుండా అర్థమవుతుంది.

ఆ రాత్రి ఏం జరిగిందంటే...

విజయవాడలో మేనకోడలి పెళ్లి. హైదరాబాదులో సాయంత్రం బయల్దేరాం. మావారు, నేను, వెనక సీట్లో అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు. అంతకు మూడు వారాల ముందే కారు పొద్దున్నే స్టార్టు కాక రెండుసార్లు ఇబ్బంది పెట్టింది. బ్యాటరీల కొట్టుకు తీసుకెళ్తే "బ్యాటరీ పోయింది సార్" అని తేల్చేసి కొత్తది బిగించారు. అయిదు వేలు దాటింది. ఇక భయం లేదనుకున్నాం.

చిట్యాల దాటాక చీకటి పడింది. లైట్లు, ఏసీ, పాటలు, పిల్లల ఫోన్లకు ఛార్జింగు, అన్నీ నడుస్తున్నాయి. అప్పుడు స్టీరింగు వెనక ఒక చిన్న ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటూ కనిపించింది నాకు. బ్యాటరీ బొమ్మ అది.

"ఏమండీ, ఆ ఎర్రదేమిటి?" అన్నాను.

"బ్యాటరీ గుర్తులే. కొత్త బ్యాటరీ వేశాంగా, ఏం కాదు" అన్నారాయన.

నాకు తెలియని విషయం కాబట్టి నోరు మూసుకున్నాను. నార్కెట్‌పల్లి దాటి కొంత దూరం వెళ్లాక పాటలు ఆగిపోయాయి. ఏసీ గాలి నీరసించింది. ముందు రోడ్డు మీద పడే వెలుతురు నూనె అయిపోతున్న దీపంలా పచ్చబడసాగింది. సూర్యాపేట ఇంకా కొద్ది దూరం ఉందనగా ఇంజను రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. మావారు ఎలాగో పక్కకు లాగారు. వెనక లైట్లు కూడా లేవు. లారీలు మా పక్కనుంచి దూసుకుపోతుంటే కారంతా ఊగిపోయేది. అత్తయ్యగారు హనుమాన్ చాలీసా అందుకున్నారు. ఆ అరగంట నేను ఎప్పటికీ మరచిపోలేను.

తెల్లారాక సూర్యాపేటలో ఒక ముసలి ఆటో ఎలక్ట్రీషియను మీటరు పెట్టి చూసి నవ్వాడు. "బ్యాటరీ మంచిగనే ఉందమ్మా. దానికి తిండి పెట్టేటోడే పడుకున్నడు" అన్నాడు. ఆ తిండి పెట్టేవాడి పేరే ఆల్టర్నేటర్. అందులో రెండు కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయట. అవి మార్చడానికి, కూలితో కలిపి వెయ్యి రూపాయలు కూడా కాలేదు. అంతకు ముందు బ్యాటరీకి పోసిన అయిదు వేలూ అనవసరపు ఖర్చేనన్నమాట!

బ్యాటరీ ట్యాంకు, ఆల్టర్నేటర్ మోటారు

మన మేడ మీద నీళ్ల ట్యాంకు ఉంటుంది చూడండి, కారులో బ్యాటరీ అటువంటిది. కింద బోరులోని మోటారు లాంటిది ఆల్టర్నేటర్. ట్యాంకులో నీళ్లున్నాయి కదా అని మోటారు పాడైనా పట్టించుకోకుండా కుళాయిలన్నీ తిప్పి వాడుకుంటే ఏమవుతుంది? కాసేపు బాగానే వస్తాయి, తర్వాత సన్నబడతాయి, చివరికి ఆగిపోతాయి. మాకు జరిగింది సరిగ్గా అదే. మేం ట్యాంకు కొత్తది కొన్నాం, మోటారు సంగతి చూడలేదు.

బ్యాటరీ చేసే ముఖ్యమైన పని సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజనును ఒక్క తిప్పు తిప్పడం. ఆ రెండు మూడు సెకన్లలో వంద ఆంపియర్లకు పైగానే కరెంటు లాగుతుంది. ఇంజను అందుకున్నాక లైట్లు, హారను, వైపర్లు, పాటలు, ఏసీ గాలి విసిరే ఫ్యాను, కిటికీ అద్దాల మోటార్లు, ఆఖరికి పెట్రోలును ఇంజనుకు పంపే పంపు, ఇంజనును నడిపే కంప్యూటరు కూడా ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటు మీదే నడుస్తాయి. మిగిలిన కరెంటుతో బ్యాటరీని మళ్లీ నింపుతుంది. చాలా కొత్త కార్లలో స్టీరింగు తేలికగా తిరగడానికి సాయం చేసే మోటారు కూడా దీని మీద ఆధారపడేదే.

కరెంటు ఎక్కడినుంచి వస్తుంది?

చిన్నప్పుడు మా నాన్నగారి సైకిలుకు వెనక టైరును ఆనుకుని ఒక చిన్న డైనమో ఉండేది. చీకటి పడితే దాన్ని టైరుకు ఆనించేవారు. లైటు వెలిగేది, కానీ సైకిలు తొక్కడం బరువయ్యేది. నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఎత్తు ఎక్కేటప్పుడు ఆయన దిగి డైనమో పక్కకు తప్పించడం నాకు బాగా గుర్తు. మన ప్రశ్నకు జవాబు ఆ సైకిలు మీదే ఉంది.

రాగి తీగ చుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిలిస్తే తీగలో కరెంటు పుడుతుందని మైఖేల్ ఫారడే అనే శాస్త్రజ్ఞుడు 1831లో కనిపెట్టాడు. కారులో ఆల్టర్నేటర్ చేసేదీ అదే పని. ఇంజను ముందు చక్రం తిరిగితే దానికి వేసిన రబ్బరు బెల్టు ఆల్టర్నేటర్ చక్రాన్ని తిప్పుతుంది. లోపల ఒక విద్యుదయస్కాంతం గిర్రున తిరుగుతుంటే, చుట్టూ ఉన్న రాగి చుట్టల్లో కరెంటు పుడుతుంది. ఆల్టర్నేటర్ చక్రం చిన్నది కాబట్టి ఇంజను ఒకసారి తిరిగేలోగా అది రెండు మూడు సార్లు తిరుగుతుంది.

అలా పుట్టేది మన ఇంటి కరెంటు లాగే అటూ ఇటూ మారే కరెంటు. బ్యాటరీకేమో ఒకే దిక్కున పోయే కరెంటు కావాలి. అందుకని లోపల డయోడ్లనే చిన్న బిళ్లలు ఉంటాయి. ఇవి ఒకవైపు మాత్రమే తెరుచుకునే తలుపుల్లాంటివి. వీటితో పాటు రెగ్యులేటరు అని ఇంకొకటి ఉంటుంది. ఎంత కరెంటు కావాలో చూసి అంతే తయారుచేయించే పెద్దమనిషి అది. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, రెగ్యులేటరూ అంతే!

పాత అంబాసిడర్, ఫియట్ కార్లలో దీని బదులు డైనమో ఉండేది. అది ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు సరిగా కరెంటు ఇచ్చేది కాదు. అమెరికాలో 1960 మోడల్ వేలియంట్ కారుతో ఆల్టర్నేటర్ మామూలు కార్లలోకి వచ్చింది. తర్వాత ప్రపంచమంతా అదే పట్టుకుంది.

తిరగలిలో పప్పు పోసినట్టు

ఇప్పుడు అసలు ప్రశ్న. "ఆల్టర్నేటర్ ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది కదా, కరెంటు వాడినా వాడకపోయినా ఖర్చు ఒకటే" అని మా అబ్బాయి వాదన. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ తప్పు.

తిరగలి తిప్పిన వాళ్లకు ఇది తేలికగా తెలుస్తుంది. ఉత్త తిరగలి చిన్నపిల్ల కూడా తిప్పుతుంది. గుప్పెడు కందులు పోయగానే చెయ్యి బరువెక్కుతుంది. ఇంకో గుప్పెడు పోస్తే ఇంకా బరువు. తిరగలి అదే, తిప్పే చెయ్యి అదే, మారింది లోపలి పని. ఆల్టర్నేటర్ కూడా కరెంటు ఎవరూ వాడనప్పుడు తేలికగా తిరుగుతుంది. లైటు వెయ్యగానే రెగ్యులేటరు లోపలి అయస్కాంతం బలాన్ని పెంచుతుంది. అయస్కాంతం బలపడ్డ కొద్దీ, రాగి చుట్టల్లో కరెంటు పారిన కొద్దీ, తిరగడానికి ఎదురు బలం పుడుతుంది. ఆ బరువు బెల్టు మీదుగా ఇంజను మీద పడుతుంది. దానికి తగ్గట్టు ఇంజను కొంచెం ఎక్కువ పెట్రోలు తీసుకోవాల్సిందే.

దీన్ని మీరు చెవులతోనే పట్టుకోవచ్చు. కారు నిలబెట్టి ఇంజను నడుస్తుండగా లైట్లు, బ్లోయరు, వెనక అద్దం వేడిచేసే మీట ఒకేసారి వెయ్యండి. ఇంజను చప్పుడు ఒక్క క్షణం కుంగి మళ్లీ సర్దుకుంటుంది. నెత్తిన ఇంకో బిందె పెడితే మనిషి ఒక్కసారి ఆగి నిలదొక్కుకున్నట్టు.

ఎంత ఖర్చు? ఇల్లాలి లెక్క

నాకు లెక్కంటే ఇష్టం. పాల లెక్క, చాకలి పద్దు రాసే పుస్తకంలోనే ఇదీ వేశాను. ఇవన్నీ ఉజ్జాయింపు లెక్కలే. కారును బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి.

హాలోజెన్ బల్బులున్న కారులో ముందు లైట్లు ఒక్కొక్కటి 55 వాట్లు, రెండూ కలిపి 110. వెనక లైట్లు, నంబరు ప్లేటు లైటు, లోపలి దీపాలు కలిపితే 150 వాట్లనుకుందాం. ఆల్టర్నేటర్ తనకిచ్చిన బలంలో సుమారు 60 శాతమే కరెంటుగా మారుస్తుంది, మిగిలినది వేడిగా పోతుంది. కాబట్టి 150 వాట్ల కోసం ఇంజను 250 వాట్ల బలం ఇవ్వాలి. ఇంజను సంగతి ఇంకా ఘోరం. పెట్రోలులోని శక్తిలో పావువంతు మాత్రమే పనికి వస్తుంది. అంటే 250 వాట్ల కోసం 1000 వాట్ల విలువైన పెట్రోలు మండాలి. గంటసేపు అయితే మన మీటరు లెక్కలో ఒక యూనిట్. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. వెరసి గంటకు 110 మిల్లీలీటర్లు. ఒక చిన్న టీ గ్లాసుడు!

లీటరు నూరు రూపాయల పైనే ఉన్న ఈ రోజుల్లో గంటసేపు లైట్లకు పదకొండు, పన్నెండు రూపాయలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే కారు గంటకు 3.3 లీటర్లు తాగుతుంది. అందులో లైట్ల వాటా మూడు శాతం.

ఎల్.ఇ.డి. లైట్లున్న కార్లలో ఇది బాగా తగ్గుతుంది. సెల్‌ఫోను ఛార్జింగు 15 వాట్లు, అంటే గంటకు రెండు చెంచాల పెట్రోలు, సుమారు ఒక రూపాయి. మావారు దీనికోసం పిల్లలతో పోట్లాడటం కొండను తవ్వి ఎలుకను పట్టడమేనని తేలింది. బ్లోయరు అన్నిటికన్నా పెద్ద నంబరులో పెడితే 200 వాట్ల దాకా లాగుతుంది, అంటే గంటకు 150 మిల్లీలీటర్లు.

ఇంకో తమాషా చూడండి. ఈ లెక్క ప్రకారం కారులో ఒక్క యూనిట్ కరెంటు తయారుచేసుకోవాలంటే ముప్పావు లీటరు దాకా పెట్రోలు కావాలి. అంటే డెబ్బయి, ఎనభై రూపాయలు! ఇంట్లో అదే యూనిట్ పది రూపాయల లోపే వస్తుంది. అందుకని ఫోన్లు, పిల్లల ఆటవస్తువులు, లాప్‌టాపు ఇంట్లోనే నిండుగా ఛార్జింగు పెట్టుకుని బయల్దేరడం మంచిది.

మరి ఏసీ సంగతి?

కారు ఏసీలో చల్లదనం తయారుచేసే కంప్రెసరు పెట్రోలు, డీజిలు కార్లలో మామూలుగా ఆల్టర్నేటర్ కరెంటు మీద నడవదు. అదీ బెల్టుతో నేరుగా ఇంజను మీదే నడుస్తుంది. గాలి విసిరే బ్లోయరు, ముందు రేడియేటరు దగ్గరి ఫ్యాను మాత్రమే కరెంటు మీద నడుస్తాయి. కంప్రెసరు చిన్న కార్లలో కూడా 1 నుంచి 3 కిలోవాట్ల దాకా ఇంజను బలం తీసుకుంటుంది. మండుటెండలో గంటకు అర లీటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఖర్చవుతుంది. లైట్లతో, ఫోన్లతో పోలిస్తే అసలు తిండిపోతు ఇదే. నిజంగా పొదుపు చేయాలంటే ఎండలో నిలిపిన కారు తలుపులు రెండు నిమిషాలు తెరిచి వేడి పోయాక ఏసీ వెయ్యండి. చల్లబడ్డాక బ్లోయరు తగ్గించండి.

బండి నిలబెట్టి ఏసీ వేసుకుని ఎవరికోసమో ఎదురుచూడటం మాత్రం రెండు విధాలా నష్టం. నిలబడ్డ చిన్న కారు ఏసీ లేకుండానే గంటకు అర లీటరు పైన తాగుతుంది. పైగా ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఆల్టర్నేటర్ పూర్తి కరెంటు ఇవ్వలేదు. లైట్లు, బ్లోయరు, పాటలు అన్నీ వేస్తే బ్యాటరీలోంచి కూడా పోతుంది.

దేనికి పొదుపు, దేనికి కూడదు

ఆ రాత్రి మా లైట్లు పచ్చబడుతున్నప్పుడు మావారు "కాసేపు లైట్లు ఆపేద్దామా, బ్యాటరీ మిగులుతుంది" అన్నారు. అత్తయ్యగారు "వద్దు నాయనా, గుడ్డివాడిలా పోదామా?" అని గట్టిగా అన్నారు. ఆవిడ మాటే నిజం. గంటకు పన్నెండు రూపాయల పెట్రోలుకో, బ్యాటరీకో చూసుకుని రాత్రిపూట లైట్లు ఆపకూడదు. వర్షంలో వైపర్లు, మంచులో అద్దం వేడిచేసే మీట కూడా అంతే. ఆపాల్సినవి పాటలు, ఛార్జర్లు, ఏసీ, బ్లోయరు.

కొందరు ముందు లైట్లకు వందేసి వాట్ల బల్బులు, పెద్ద పెద్ద స్పీకర్లు బిగిస్తారు. చిన్న కారు ఆల్టర్నేటర్ మొత్తం మీద ఇవ్వగలిగేది సుమారు వెయ్యి వాట్లే. అవి మోయడానికే ఇంజను రెండు గుర్రాల పైన బలం వెచ్చించాలి. కంపెనీ వైర్లు లావు చాలక వేడెక్కి కరిగే ప్రమాదం కూడా ఉంది. పైగా ఎదుటివాడి కళ్లు బైర్లు కమ్ముతాయి.

సిగరెట్ లైటరు అని పిలిచే ఆ చిన్న గుంటలో ఏది పడితే అది గుచ్చకండి. దాని ఫ్యూజు మామూలుగా 10 నుంచి 15 ఆంపియర్లే, అంటే 120 నుంచి 180 వాట్లు. ఫోను, చిన్న గాలిపంపు వరకూ సరే. ప్రయాణంలో చట్నీ రుబ్బుకుందామని ఇన్వర్టరు పెట్టి 500 వాట్ల మిక్సీ తగిలిస్తే 40 ఆంపియర్లు దాటుతుంది. ఫ్యూజు పోతే అదృష్టం, వైరు కాలితే దురదృష్టం. చట్నీ ఇంట్లోనే రుబ్బి డబ్బాలో పెట్టుకుందాం!

ఎర్ర దీపం చెప్పే మాట

తాళం తిప్పి, ఇంకా స్టార్టు చెయ్యనప్పుడు బ్యాటరీ బొమ్మ వెలగాలి. స్టార్టు అయ్యాక ఆరిపోవాలి. ఇది ఆరోగ్యం. మొదట వెలగకపోయినా, నడుస్తుంటే వెలిగినా జబ్బే. బొమ్మ బ్యాటరీదే అయినా అది చెప్పేది "ఆల్టర్నేటర్ నుంచి కరెంటు సరిగా రావడం లేదు, నేను నిల్వ తిని బతుకుతున్నాను" అని. ఈ ఒక్క ముక్క మాకు ముందే తెలిసుంటే చిట్యాలలోనే ఆగిపోయేవాళ్లం.

ప్రయాణంలో ఆ దీపం వెలిగితే ఇలా చెయ్యండి:

* ఏసీ, బ్లోయరు, పాటలు, ఛార్జర్లు అన్నీ ఆపెయ్యండి. రాత్రయితే లైట్లు మాత్రం ఉంచండి.

* వెంటనే ఇంజను వేడి చూపించే గుర్తు చూడండి. చాలా కార్లలో ఒకే బెల్టు నీళ్ల పంపును కూడా తిప్పుతుంది. బెల్టు తెగితే ఇంజను చల్లబడదు. వేడి పెరుగుతుంటే ఒక్క కిలోమీటరు కూడా పోకుండా పక్కకు ఆపాలి.

* వేడి మామూలుగా ఉంటే దగ్గర్లోని పెట్రోలు బంకుకో, ఊళ్లోకో నెమ్మదిగా చేరండి. మధ్యలో ఇంజను ఆపకండి, మళ్లీ సెల్ఫ్ కొట్టడానికి బ్యాటరీలో బలం ఉండకపోవచ్చు. రాత్రి లైట్లతో కొత్త బ్యాటరీ కూడా గంట సేపు రావడం కష్టం, పాతదైతే అరగంట కూడా కాకపోవచ్చు.

* స్టీరింగు ఒక్కసారిగా బరువెక్కవచ్చు. ఆ సంగతి నడిపేవాళ్లకు ముందే చెప్పండి.

* జాతీయ రహదారి మీద ఆగిపోతే 1033కు ఫోను చెయ్యండి. పిల్లల్నీ, పెద్దల్నీ కారులోంచి దింపి రోడ్డుకు దూరంగా, రైలింగు అవతల నిలబెట్టండి. మేం ఆ రాత్రి భయపడి కారులోనే కూర్చున్నాం. అది పెద్ద పొరపాటని తర్వాత తెలిసింది.

బ్యాటరీ కొనేముందు ఒక్క మాట

ఆ ముసలాయన నాకు మీటరు చూడటం నేర్పాడు. ఆయన పేరు అడగడం మర్చిపోయానుగానీ ఆ రెండు అంకెలు మర్చిపోలేదు. రాత్రంతా నిలిపిన కారు బ్యాటరీకి మీటరు పెడితే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్యకు పెరగాలి. నడుస్తున్నప్పుడు కూడా 12 దగ్గరే వేలాడుతుంటే జబ్బు ఆల్టర్నేటరుదో, బెల్టుదో, వైరుదో. 15 దాటితే రెగ్యులేటరుది, అలాంటిది బ్యాటరీని ఉడకబెడుతుంది. లైట్లు, బ్లోయరు వేసి మళ్లీ చూస్తే బరువు మొయ్యగలదో లేదో కూడా తెలుస్తుంది. కొన్ని కొత్త కార్లలో మాత్రం పెట్రోలు పొదుపు కోసం కంప్యూటరే ఆల్టర్నేటర్ పనిని తగ్గిస్తూ, బ్రేకు వేసినప్పుడు పెంచుతూ ఉంటుంది. వాటిలో అంకె మారుతూ ఉంటే కంగారు పడక్కర్లేదు, షోరూములో చూపించుకుంటే చాలు.

ఈసారి ఎవరైనా "బ్యాటరీ పోయిందమ్మా" అంటే "ఛార్జింగు ఎంత వస్తోందో మీటరు పెట్టి చూపించండి" అని అడగండి. రెండు నిమిషాల పని. మేం అడగనందుకు అయిదు వేలు పోసి, ప్రాణాల మీదికి తెచ్చుకున్నాం.

ఇంకో హెచ్చరిక. కొందరు మెకానిక్కులు ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి ఆల్టర్నేటర్ పరీక్ష చేస్తారు. పాత డైనమో కార్ల నాటి అలవాటది. ఇప్పటి కార్లలో అలా పీకితే వోల్టేజి ఒక్కసారి ఎగిరి డయోడ్లు, కంప్యూటరు కాలిపోవచ్చు. ఆ పని చెయ్యనివ్వకండి.

మనం గమనించగలిగినవి

కారు నడపనక్కర్లేదు, పక్కన కూర్చున్నా ఇవి కనిపెట్టవచ్చు. పొద్దున్నే స్టార్టు చేస్తే, లేదా ఏసీ వేస్తే కీచుమని అరుపు వస్తే బెల్టు వదులైందనో, అరిగిందనో అర్థం. ఇంజను వేగాన్ని బట్టి లైట్లు పెరుగుతూ తగ్గుతుంటే ఛార్జింగు చూపించుకోవాలి. ముందు భాగంలోంచి గరగరమంటే ఆల్టర్నేటర్ బేరింగు కావచ్చు. రబ్బరు కాలిన వాసన వస్తే ఆగి చూడాల్సిందే. కారు కడిగేటప్పుడు బానెట్టు ఎత్తి ఆల్టర్నేటర్ మీద నీళ్లు జోరుగా కొట్టనివ్వకండి.

కారు రోజూ కూరగాయల బజారు దాకా మాత్రమే వెళ్లి వస్తుంటే సెల్ఫుకు ఖర్చయిన కరెంటు తిరిగి నిండదు. వారానికొకసారైనా అరగంట తిప్పండి. లోపలి చిన్న దీపం ఆర్పకుండా దిగిపోతే రెండు మూడు రోజుల్లో బ్యాటరీ ఖాళీ అవుతుంది. ముందు లైట్లు మర్చిపోతే మూడు నాలుగు గంటలే.

పూర్తి ఎలక్ట్రిక్ కార్లలో ఆల్టర్నేటర్ ఉండదు. అక్కడ పెద్ద బ్యాటరీయే చిన్న బ్యాటరీని నింపుతుంది. అయినా వాడిన ప్రతి వాటూ ఆ పెద్ద బ్యాటరీలోంచే పోతుంది, అంటే అంత దూరం తగ్గుతుంది. ఏ బండి అయినా కరెంటు ఊరికే రాదు.

పెళ్లికి మేం మర్నాడు మధ్యాహ్నం, తలంబ్రాలు అయిపోయాక చేరాం. మేనకోడలు అలిగింది, తర్వాత సంగతి విని ఏడ్చింది. ఇప్పుడు ప్రయాణమంటే మావారు తాళం తిప్పి, నా వైపు చూసి ఆగుతారు. నేను ఎర్ర దీపం వెలగడం చూస్తాను, స్టార్టు అయ్యాక ఆరడం చూస్తాను. "ఊఁ, పోనివ్వండి" అంటాను. అప్పుడే బండి కదులుతుంది. వెనక పిల్లలు ఫోన్లు ఛార్జింగు పెట్టుకుంటే గంటకు ఒక రూపాయి. దానికి మాత్రం ఆయన ఇప్పుడేమీ అనరు.